డ్రాకులా గురించి విన్నవీ, పుస్తకంలో ఉన్నవీ

అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్తే, పాత విమానాశ్రయానికి దగ్గర్లో సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని రాస్ కనిపెట్టింది ఇక్కడే, సికింద్రాబాద్‌లో. దానికి మూడు నెలల ముందు, మే 26న, లండన్‌లో ఆర్చిబాల్డ్ కానిస్టబుల్ కంపెనీ పసుపు అట్ట మీద ఎర్ర అక్షరాలతో ఒక నవల విడుదల చేసింది. పేరు ‘డ్రాకులా’. రాసినవాడు బ్రామ్ స్టోకర్. పుట్టింది డబ్లిన్‌లో, బతుకుతెరువు లండన్ లైసియం థియేటర్‌లో నటుడు హెన్రీ ఇర్వింగ్ దగ్గర మేనేజర్ ఉద్యోగం.

రాస్ కనిపెట్టిన నిజం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. స్టోకర్ రాసిన పుస్తకం మాత్రం సినిమాల కింద మరుగున పడిపోయింది. కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటున్నవాళ్లనైనా, పంజాగుట్ట ఆఫీసుల్లో పనిచేసేవాళ్లనైనా అడిగి చూడండి, డ్రాకులా పేరు విననివాళ్లు ఉండరు. నవలను మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు దొరకడం కష్టం. నలుగురూ కలిసి చదువుకోవడానికి ఇంతకంటే అనువైన పాత నవల ఇంకొకటి లేదన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట. అందుకు ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: ఎండ పొడ సోకితే డ్రాకులా బూడిదైపోతాడు

నవలలో సెప్టెంబర్ 22న, పట్టపగలు, లండన్ పికడిల్లీ వీధిలో డ్రాకులా నిలబడి ఉంటాడు. ఒక నగల దుకాణం ముందు ఆగిన బండిలో కూర్చున్న అమ్మాయిని కన్నార్పకుండా చూస్తుంటాడు. అతని కోటలో బందీగా ఉండి తప్పించుకొచ్చిన జొనాథన్ హార్కర్ భార్యతో కలిసి అటుగా వస్తూ అతన్ని గుర్తుపట్టి నిలువునా వణికిపోతాడు. కోటలో చూసినప్పుడు తెల్ల మీసాల ముసలివాడు. ఇక్కడ మీసాలు నల్లబడి, వయసు తగ్గి కనిపిస్తున్నాడు. పగటిపూట డ్రాకులాకు శక్తులు తగ్గుతాయి, కోరినప్పుడు రూపం మార్చుకోలేడు, అంతే. ఎండకు చావడు.

ఎండకు చావడమన్నది 1922లో జర్మన్ దర్శకుడు మూర్నావ్ తీసిన ‘నోస్ఫెరాతు’ సినిమాతో వచ్చింది. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దగ్గర హక్కులు తీసుకోకుండా తీసిన సినిమా అది. ఆమె కోర్టుకు వెళ్తే ప్రింట్లన్నీ ధ్వంసం చేయమని 1925లో తీర్పు వచ్చింది. కొన్ని ప్రింట్లు ఎలాగో మిగిలాయి, వాటితోపాటు ఆ ముగింపూ మిగిలింది.

మెడ వెనక నిటారుగా లేచే కాలరూ, విందుకు వెళ్లే సూటూ కూడా పుస్తకంలోవి కావు. 1924లో హామిల్టన్ డీన్ వేసిన నాటకం, ఆ తర్వాత 1927లో బ్రాడ్వే రంగస్థలం మీద, 1931లో సినిమాలో బేలా లుగోసీ వేసిన వేషం ఆ రూపానికి ముద్ర వేశాయి. నవలలో కోట గోడ మీద తలకిందులుగా, బల్లిలా పాకుతూ దిగుతున్నప్పుడు అతని నల్లటి అంగీ రెక్కల్లా పరుచుకుంటుంది. అరచేతుల్లో వెంట్రుకలుంటాయి. సినిమాలు వదిలేసిన ఈ చిన్న వివరాలే చదువుతున్నప్పుడు ఎక్కువ జంకు పుట్టిస్తాయి.

చివరికి అతన్ని చంపేది మేకు కూడా కాదు. డ్రాకులాకు బలైన లూసీకీ, కోటలోని ముగ్గురు స్త్రీలకూ మేకు దిగుతుంది. డ్రాకులాకు మాత్రం నవంబర్ 6న, పొద్దు గుంకే వేళ, జొనాథన్ చేతిలోని గూర్ఖా కుక్రీ గొంతు మీద, అమెరికన్ క్విన్సీ మోరిస్ బాకు గుండెలో దిగుతాయి.

అపోహ: డ్రాకులా నిజంగా బతికిన ఒక రాజు

పదిహేనో శతాబ్దపు వలేకియా పాలకుడు వ్లాద్ చరిత్రే ఈ నవల అని చాలామంది నమ్ముతారు. స్టోకర్ చేతిరాత నోట్సు ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మొదట తన పాత్రకు ‘కౌంట్ వాంపైర్’ అని పేరు పెట్టుకున్నాడు. 1890 వేసవిలో విట్బీ అనే రేవు పట్నానికి వెళ్లినప్పుడు అక్కడి గ్రంథాలయంలో విలియం విల్కిన్‌సన్ 1820లో రాసిన పుస్తకం తిరగేస్తుంటే డ్రాకులా అన్న పేరు తగిలింది. తీసుకున్నది ఆ పేరూ, దాని చుట్టూ ఒకటి రెండు చరిత్ర ముక్కలే. శత్రువులను కొరత వేయించిన వ్లాద్ క్రూరత్వం గురించి నోట్సులో ఒక్క ముక్కా లేదు. ట్రాన్సిల్వేనియాలో స్టోకర్ ఎన్నడూ అడుగు పెట్టలేదు కూడా. రక్తం పీల్చే దొర కథకు అతనే ఆద్యుడూ కాదు. 1819లో పాలిడోరీ ‘ది వాంపైర్’, 1872లో షెరిడాన్ లెఫాను ‘కార్మిల్లా’ అప్పటికే వచ్చేశాయి.

అపోహ: మన బేతాళుడే వాళ్ల డ్రాకులా

ఇందులో కొంత పట్టు ఉంది, అందుకే ఇది మిగతావాటికంటే ఆసక్తికరం. రిచర్డ్ బర్టన్ 1870లో మన బేతాళ కథల్లో 11 కథలను ఇంగ్లీషులో తిరిగి చెప్పి, ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ అని అచ్చు వేశాడు. ఆ బర్టన్‌తో స్టోకర్‌కు స్వయంగా పరిచయం ఉంది. మాట్లాడేటప్పుడు పెదవి లేచి బయటపడే బర్టన్ కోరపన్ను గురించి తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా రాసుకున్నాడు కూడా. అయితే బేతాళుడి నుంచే డ్రాకులా పుట్టాడనడానికి ఆధారం లేదు.

చందమామ చదివి పెరిగినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. శంకర్ వేసిన బొమ్మలో శవాన్ని భుజాన వేసుకుని, కత్తి చేత పట్టుకుని నడుస్తున్న విక్రమార్కుడు కళ్ల ముందే ఉంటాడు. ఆ శవంలోని బేతాళుడు ఎవరి రక్తమూ తాగడు. దారిబడలిక తెలియకుండా కథ చెబుతాడు, ధర్మసందేహం అడుగుతాడు, జవాబు వినగానే మళ్లీ చెట్టెక్కేస్తాడు. కథాసరిత్సాగరంలో చివరికి రాజును మాంత్రికుడి కుట్ర నుంచి కాపాడేదీ ఆ బేతాళుడే. డ్రాకులాకు కావలసింది మనుషుల రక్తం, వాళ్ల ఊళ్లు, వాళ్ల భవిష్యత్తు.

డ్రాకులాకు మనవైపు నిజంగా దగ్గరైనది ఇంకొకటి ఉంది. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద సుద్దముక్కతో, బొగ్గుతో రాసుకున్న కాలం తెలుగు ఊళ్లలో పెద్దవాళ్లకు గుర్తే. రాత్రి వచ్చేది గడప దగ్గరే ఆగిపోతుందన్న నమ్మకం అది. స్టోకర్ నవలలోనూ అదే కట్టుబాటు. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పిలవనిదే డ్రాకులా మొదటిసారి గడప దాటలేడు. ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడైనా వస్తాడు. తెలుగు పాఠకులు చుట్టూ చేరి ఈ పుస్తకం చదివితే, ఆ అధ్యాయం దగ్గర ప్రతి ఇంటి నుంచీ ఒక కథ బయటికి రావడం ఖాయం.

అపోహ: ఇది మూఢనమ్మకాల పుస్తకం

వెల్లుల్లి, సిలువ ఉన్న మాట నిజమే. కానీ 1897 నాటికి అది కొత్త యంత్రాల నవల. డాక్టర్ సీవార్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్ మైనపు గొట్టాల మీద మాటల్లో రికార్డు చేసుకుంటాడు. టెలిగ్రాములు ఎగురుతాయి, రైళ్ల టైమ్‌టేబుళ్లు కంఠతా వచ్చిన కథానాయిక ఉంటుంది. ఆమె పేరు మినా. బడిపంతులమ్మగా పనిచేస్తూ, కాబోయే భర్త జొనాథన్‌కు సాయపడాలని షార్ట్‌హ్యాండూ టైపూ పట్టుబట్టి నేర్చుకుంటుంది. టైపు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఉద్యోగాల్లో కుదురుకున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. వాళ్లకు ఈ అమ్మాయి పరాయిది కాదు.

ఆ షార్ట్‌హ్యాండ్ ఊరికే అలంకారానికి పెట్టింది కాదు. బందీగా ఉన్న జొనాథన్ రహస్యంగా మినాకు షార్ట్‌హ్యాండ్‌లో ఉత్తరం రాస్తే, డ్రాకులా ఆ గీతలు చదవలేక కోపంతో దాన్ని దీపంలో కాల్చేస్తాడు. శతాబ్దాలు బతికిన దొరకు అంతుపట్టని విద్య ఒక ఇంగ్లీషు న్యాయవాదికి వచ్చు.

రక్తం సంగతి చూద్దాం. లూసీ పాలిపోతుంటే వైద్యుడు వాన్ హెల్సింగ్ వరుసగా నలుగురి రక్తం ఆమెకు ఎక్కిస్తాడు. ఆమెను పెళ్లాడబోయే ఆర్థర్, సీవార్డ్, వాన్ హెల్సింగ్, చివరికి క్విన్సీ. గ్రూపు చూడరు, ఎందుకంటే గ్రూపులున్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. కార్ల్ లాండ్‌స్టైనర్ వాటిని ప్రకటించింది 1901లో. ఇవాళ పంజాగుట్ట నిమ్స్‌లో రోగికి రక్తం ఎక్కించాలంటే గ్రూపు చూసి, క్రాస్ మ్యాచ్ చేయనిదే సంచి కదలదు. ఆ నలుగురి రక్తంలో ఏ ఒక్కటి సరిపడకపోయినా లూసీని చంపడానికి డ్రాకులా అక్కర్లేదు. నిమ్స్‌లో పనిచేసే ఒక నర్సు గానీ, టెక్నీషియన్ గానీ మీ చదువరుల బృందంలో ఉంటే ఈ భాగం ఎంత బాగా తెరుచుకుంటుందో ఊహించండి.

అపోహ: భయం కథను అర్ధరాత్రి ఒంటరిగా చదవాలి

అసలు విషయం ఇక్కడుంది. ‘డ్రాకులా’లో కథ చెప్పేవాడంటూ ఒకడు లేడు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు, ఓడ లాగ్‌బుక్కు, ఇవన్నీ కలిస్తేనే కథ. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు, మొత్తం ఎవరికీ తెలియదు. విడివిడిగా దాచుకున్నంత కాలం అందరూ ఓడిపోతూనే ఉంటారు.

ఆగస్టులో, బుడాపెస్ట్ ఆసుపత్రిలో జరిగిన పెళ్లి రోజున, జొనాథన్ తన డైరీని మినా చేతిలో పెట్టి, అవసరమైతే తప్ప తనతో దీని మాట ఎత్తవద్దంటాడు. ఆమె దాన్ని కాగితంలో చుట్టి, నీలం రిబ్బను కట్టి, లక్కతో సీలు వేస్తుంది. డ్రాకులా ఎవరో, ఇంగ్లండుకు ఎందుకు వస్తున్నాడో అందులో వివరంగా ఉంది. ఆ సీలు ఊడకుండానే సెప్టెంబర్ 20న ఆమె ప్రాణస్నేహితురాలు లూసీ చనిపోతుంది. మినా డైరీ విప్పి చదివేది ఆ తర్వాత మూడు రోజులకు. లూసీ చనిపోవడానికి ముందే, వాన్ హెల్సింగ్ పంపిన ఒక టెలిగ్రాము, చిరునామాలో కౌంటీ పేరు రాయనందుకు, వేరే జిల్లాకు పోయి 22 గంటలు ఆలస్యంగా సీవార్డ్‌కు చేరుతుంది. ఆ రాత్రి లూసీకి కాపలా లేదు.

తర్వాత మినా అందరి కాగితాలూ ముందేసుకుని కూర్చుంటుంది. ఫోనోగ్రాఫ్ గొట్టాలు విని, షార్ట్‌హ్యాండ్ విప్పి, తేదీల వరసలో అన్నీ టైపు చేస్తుంది. కార్బన్ పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీస్తుంది. అందరూ అందరి డైరీలూ చదువుతారు. సెప్టెంబర్ 30న బల్ల చుట్టూ కూర్చుంటారు. కథ మలుపు తిరిగేది ఆ కూటంలోనే.

ఆ రాత్రే మగవాళ్లు ఒక పొరపాటు నిర్ణయం తీసుకుంటారు. ఆడమనిషి తట్టుకోలేదని, ఇకమీదట మినాకు ఏమీ చెప్పకూడదనుకుంటారు. సరిగ్గా ఆ రాత్రి మొదలుకుని మూడు రాత్రుల్లోనే డ్రాకులా ఆమె మీద పడతాడు. అదే ఇంట్లో, వాళ్లు అతని కోసం బయట వెతుకుతున్న రోజుల్లోనే. పట్టుబడ్డప్పుడు అతను చేసే ఇంకో పని కాగితాలన్నీ, ఫోనోగ్రాఫ్ గొట్టాలతో సహా, నిప్పుల్లో వేయడం. ఇనప్పెట్టెలో ఒక కార్బన్ ప్రతి మిగిలి ఉండబట్టి కథ ఆగలేదు. తర్వాత డ్రాకులా నదిలో పడవ మీద తిరిగి వెళ్తున్నాడని కాగితాలు పరిశీలించి తేల్చేది కూడా మినాయే.

ఇలాంటి నిర్మాణమున్న పుస్తకాన్ని గొంతులు పంచుకుని చదవాలి. ఒకరు జొనాథన్, ఒకరు మినా, ఒకరు సీవార్డ్. విట్బీ ముసలి స్వేల్స్ యాస అర్థం కాకపోతే నలుగురూ కలిసి విప్పుకోవచ్చు. వాదించుకోవాల్సినవీ ఉన్నాయి. జిప్సీలను, పరదేశులను స్టోకర్ చూసిన తీరు నిండా అతని కాలపు చిన్నచూపు. మినా తెలివిని పొగడాలంటే ఆమెకు మగవాడి బుర్ర ఉందనే వాన్ హెల్సింగ్‌ను ఎవరో ఒకరు నిలదీయాలి. ఒంటరి పాఠకులు అక్కడ పేజీ తిప్పేస్తారు, గుంపులో ఎవరో ఒకరు ఆపుతారు.

అపోహ: తెలుగువాళ్లకు కలిసి చదివే అలవాటు లేదు

రచ్చబండ మీద ఒకరు భారతం చదువుతుంటే ఊరంతా విన్న సంస్కృతి మనది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది, సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్నప్పుడు ఒక్క ప్రతి ఎన్ని చేతులు మారేదో ఆ తరాన్ని అడగండి. 1998లో మొదలైన డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు అమెరికాలో ఉంటూ తెలుగు పుస్తకాలు కలిసి చదివి చర్చిస్తోంది. 2021లో మ్యాట్ కిర్క్‌లాండ్ అనే అమెరికన్ ‘డ్రాకులా డైలీ’ పేరుతో ఏ తేదీ డైరీని ఆ తేదీన ఈమెయిల్‌లో పంపడం మొదలుపెడితే లక్షల మంది కలిసి చదివారు.

ఖర్చు భయమూ అక్కర్లేదు. నవల కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 345వ పుస్తకంగా ఉచితంగా దొరుకుతుంది. అచ్చు పుస్తకమే కావాలంటే ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల అంగళ్లలో వెతకవచ్చు. కలుసుకోవడానికి అమీర్‌పేట మెట్రో రెండు లైన్లు కలిసే చోటు. మియాపూర్ నుంచి వచ్చేవాళ్లకూ, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం నుంచి వచ్చేవాళ్లకూ అనువే. పంజాగుట్టకు దగ్గర్లో, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో, 2010 నుంచి లామకాన్ ఇలాంటి కూటాలకు చోటిస్తోంది.

పుస్తకంలో మొదటి డైరీ తేదీ మే 3. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. మొత్తం 27 అధ్యాయాల్లో మొదటి నాలుగూ జొనాథన్ డైరీయే, ఒక ఆదివారం కూర్చుంటే పూర్తవుతాయి. ముగ్గురు స్నేహితులను పిలిచి వాటితో మొదలుపెట్టండి.