శుక్రకణానికి తోడు నిలిచే మాంసకృత్తులు

పాడి రైతు ఇంట ఆవు ఎదకు వచ్చిన రోజు ఎంతో విలువైనది. ఆ ఎద వృథా అయితే మరల దాదాపు 21 రోజులు వేచి ఉండాలి. ఆ మేరకు ఈత వెనుకబడుతుంది, పాడి వెనుకబడుతుంది. మేత ఖర్చు మాత్రం ఆగదు. పశువైద్యశాలలో వాడే సన్నని స్ట్రాలోని ఘనీకృత వీర్యం ఫలిస్తుందా, లేదా అన్నది అందువల్ల ఆ కుటుంబపు జీవనానికి సంబంధించిన ప్రశ్న. దీని వెనుక ఉన్న అనేక కారణాలలో చాలాకాలం తగిన గుర్తింపు పొందనిది వీర్యంలోని ద్రవభాగం.

వీర్యంలో శుక్రకణాలు ఒక భాగం. అవి తేలియాడే ద్రవం మరొక భాగం. ఈ ద్రవం ప్రధానంగా శుక్రాశయాలు, పౌరుష గ్రంథి, కౌపర్ గ్రంథుల స్రావం. ఇది శుక్రకణాలకు వాహనంగాను, ఆహారంగాను మాత్రమే ఉపకరిస్తుందని ఒకప్పుడు భావించేవారు. నిజానికి ఇందులోని మాంసకృత్తులు శుక్రకణం ఎప్పుడు నిదానించాలో, ఎప్పుడు సంసిద్ధం కావాలో నిర్ణయించడంలో పాలుపంచుకొంటాయి.

స్త్రీ జననాంగాలలో కొంతకాలం గడిపితే తప్ప శుక్రకణానికి అండాన్ని ఫలదీకరించే శక్తి రాదని 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ వేర్వేరుగా కనుగొన్నారు. ఆ శక్తి పొందిన కుందేలు శుక్రకణాలను వీర్యద్రవంతో తిరిగి కలిపితే అవి దానిని కోల్పోతాయని చాంగ్ 1957లో చూపారు. అంటే ఆ ద్రవంలో తొందరను అరికట్టే గుణం ఉన్నదన్నమాట. ఇది అవసరమే. సంసిద్ధమైన శుక్రకణం ఎక్కువకాలం బ్రతకదు. అండాన్ని చేరకముందే సంసిద్ధమైతే దాని ప్రయాణం వ్యర్థమవుతుంది.

ఆబోతు వీర్యద్రవంలోని మాంసకృత్తులలో దాదాపు సగం ఒకే కుటుంబానికి చెందినవి. వీటిలో ముఖ్యమైన దానికి పిడిసి-109 అని పేరు. 109 దానిలోని అమైనో ఆమ్లాల సంఖ్య. ఇవి శుక్రకణపు త్వచంలోని కొవ్వు పదార్థాలకు అతుక్కొని మొదట ఆ త్వచాన్ని స్థిరపరుస్తాయి. అండవాహికను చేరిన తరువాత దాని గోడను అంటిపెట్టుకొని వేచి ఉండేందుకు శుక్రకణానికి ఇవే తోడ్పడతాయి. ఆపైన త్వచం నుండి కొలెస్టరాల్ తొలగడానికి సాయపడి, దానిని ఫలదీకరణకు సంసిద్ధం చేస్తాయి. ఇతర మాంసకృత్తులు వికృతమై ముద్దకట్టకుండా పిడిసి-109 కాపాడగలదని హైదరాబాదు విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు 2010లో వెల్లడించారు.

అయితే మేలు చేసేది మితిమీరితే కీడు చేస్తుంది. సహజ సంయోగంలో శుక్రకణాలు ఈ ద్రవంతో కలిసి ఉండేది కొద్దికాలమే. వీర్యాన్ని సేకరించి నిల్వ చేసినప్పుడు ఆ సంపర్కం కొనసాగుతుంది. కొలెస్టరాల్ తరిగిపోయి త్వచం బలహీనపడుతుంది, చలికి తట్టుకోలేదు. గుడ్డు పచ్చసొన కలిపితే ఆబోతు వీర్యం బాగా నిలుస్తుందని 1940లో అమెరికా శాస్త్రజ్ఞులు ఫిలిప్స్, లార్డీ ప్రకటించారు. అందుకు ఒక ముఖ్య కారణం 2002లో కెనడాలో తేలింది: పచ్చసొనలోని లైపోప్రోటీన్లు ఆ మాంసకృత్తులను తమకు కట్టివేసుకొని, శుక్రకణాలకు దూరంగా ఉంచుతాయి. మన దేశంలో 1939లో మైసూరు రాజభవనపు పాడిక్షేత్రంలో సంపత్ కుమారన్ ఆరంభించిన కృత్రిమ గర్భోత్పత్తి నేడు పల్లెపల్లెకూ చేరింది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యాన్ని భద్రపరచే పద్ధతి వెనుక 1949లో వెల్లడైన గ్లిసరాల్ రక్షణగుణంతోపాటు ఈ పచ్చసొన కూడా ఉన్నది.

ఆవుకు పనికివచ్చిన సూత్రం మేకకు యథాతథంగా పనికిరాదు. మేకపోతు కౌపర్ గ్రంథులు స్రవించే ఒక ఎంజైము పచ్చసొనలోని కొవ్వులను విడగొట్టి, శుక్రకణాలకు హాని చేసే పదార్థాలుగా మారుస్తుంది. అందువల్ల వీర్యాన్ని వేగంగా త్రిప్పి ఆ ద్రవాన్ని వేరుచేయడమో, పచ్చసొన పాలు తగ్గించడమో చేస్తారు.

ఒంటె విషయం మరింత విచిత్రం. ఆడ ఒంటెలో సాధారణంగా సంయోగం తరువాతనే అండం విడుదలవుతుంది. వీర్యద్రవమే అందుకు ప్రేరణ ఇస్తుందని రెండు మూపురాల ఒంటెలపై 1985లో చైనా శాస్త్రజ్ఞులు తెలిపారు. ఆ ప్రేరకం నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే మాంసకృత్తేనని 2012లో లామాలు, ఆబోతుల వీర్యద్రవంపై జరిపిన పరిశోధనలు నిరూపించాయి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో మిగిలిన ఒంటెలు సుమారు రెండున్నర లక్షలు. 2012లో ఇవి నాలుగు లక్షలు. కృత్రిమ గర్భోత్పత్తి ద్వారా ఈ జాతిని వృద్ధి చేయదలచినవారు వీర్యాన్ని నిల్వ చేస్తే చాలదు, అండం విడుదలకు కావలసిన ప్రేరణను కూడా సమకూర్చాలి.

ఒక జంతువులో ఫలించిన పద్ధతిని మరొక దానిపై ప్రయోగించే ముందు ఆ జంతువు వీర్యద్రవాన్ని పరీక్షించి చూడవలసి ఉన్నది. ఆ పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది. దాని ఫలితం పాడి రైతు పాకలోను, మేకల కాపరి మందలోను, ఎడారిలోని ఒంటెల కాపరి బ్రతుకులోను కనిపిస్తుంది.