చిటుక టీకా రెండవ మోతాదు – ఎలుకలలో పూరక ప్రోటీన్లు తెలిపిన సంగతి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో తొలకరికి లేతపచ్చిక మొలవగానే కాపరులకు చిటుక వ్యాధి భయం పట్టుకుంటుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి-రకం బాక్టీరియా పేగులలో విడుదల చేసే ఎప్సిలాన్ విషం వలన మందలో బాగా బలిసిన పిల్లలే ముందుగా, హఠాత్తుగా మరణిస్తాయి. తొలిసారి టీకా వేసిన జీవానికి రెండు నుంచి నాలుగు వారాలలో రెండవ మోతాదు ఇవ్వవలసి ఉన్నది. ఈలోగా మంద మేపు కోసం నల్లమల అంచులకు తరలిపోతే అది తప్పిపోతుంది. "టీకా వేయించినా చచ్చింది" అనే మాట అక్కడే పుడుతుంది.

రెండవ మోతాదు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో ఉన్నది. 1970 దశకంలో పెపిస్ అనే శాస్త్రవేత్త నాగుపాము విషంలోని ఒక ప్రోటీనుతో ఎలుకల రక్తంలోని సి3 అనే పూరక ప్రోటీనును హరింపజేశాడు. అటుపిమ్మట గొర్రె ఎర్రరక్తకణాలను ప్రతిజనకంగా ఎక్కించగా ప్రతిరక్షకాల ఉత్పత్తి గణనీయంగా తగ్గినది. (గొర్రె రక్తం ఎలుకకు పాఠమై, ఆ పాఠం తిరిగి గొర్రెల కాపరికి పనికిరావడం విశేషమే.) 1996లో ఫియరన్ బృందం కోడిగుడ్డు లైసోజైముకు సి3డి అనే సి3 శకలాన్ని మూడు ప్రతులుగా జతచేయగా, ఎలుకలలో ఆ ప్రతిజనకపు శక్తి పదివేల రెట్లు పెరిగినది.

కారణం ఇది. సి3డి అంటుకున్న ప్రతిజనకం బి కణంపైనున్న సిడి21 గ్రాహకాన్ని కూడా తాకి, ఆ కణం ఉత్తేజితమయ్యే పరిమితిని తగ్గిస్తుంది. అదే గ్రాహకం ద్వారా శోషరస గ్రంథులలోని ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాలు ప్రతిజనకాన్ని చాలాకాలం పట్టి ఉంచుతాయి. ఆ సన్నిధిలో మేలైన బి కణాల ఎంపిక జరిగి, జ్ఞాపకకణాలు ఏర్పడతాయి. ఇందుకు రోజులు కాదు, వారాలు పడుతుంది. రెండవ మోతాదు అందగానే అప్పటికే ఉన్న ప్రతిరక్షకాలు టాక్సాయిడ్‌ను పట్టుకుని పూరక వ్యవస్థను మరల ప్రేరేపిస్తాయి. జ్ఞాపకకణాలు వేగంగా స్పందిస్తాయి. ఒక్క మోతాదుతో ఆగితే ఈ రెండవ ఘట్టమే జరగదు.

ఎలుకల ఫలితాలను గొర్రెలకు యథాతథంగా వర్తింపజేయరాదు. సి3డి జోడించిన చిటుక టీకా నేడు కాపరి చేతికి వచ్చినదీ కాదు. అయితే విస్తరణ శాస్త్రవేత్త తొలి మోతాదునాడే రెండవ తేదీని నిర్ణయించి, ఆనాటికి మంద ఎక్కడ ఉండబోతున్నదో కాపరిని అడిగి వ్రాసుకొనవచ్చును. అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ కలిసిన టీకాను గడ్డకట్టనీయరాదు. గడ్డకట్టిన సీసాను కరిగించి వాడరాదు. తొలకరికి పూర్వమే రెండు మోతాదులూ ముగియవలెనంటే లెక్క వేసవిలోనే మొదలుకావలెను.