స్ట్రైక్ అంటే ఒక్క సమ్మేనా?

ముంబైలో మిల్లు కార్మికుల ఇండ్లలో పుట్టినవాళ్లకు ఇంగ్లీషు అక్షరాలు రాకముందే నోటికి వచ్చిన ఇంగ్లీషు మాట స్ట్రైక్. మరాఠీలో దాన్ని సంప్ అంటారు. కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన మన ముసలమ్మల చెవికి అది ‘సంపు’ అని వినపడేది. "సంపుడేంది బిడ్డా, ఎవల్ని?" అని అడిగేవాళ్లు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు 2.5 లక్షల మంది పని మానేశారు. వాళ్లలో చాలామందికి మిల్లు గేటు మళ్లీ తెరుచుకోలేదు. అప్పుడు ఆ ముసలమ్మల మాటకు నవ్వడం మానేశాం.

ఈ మాటకు అందరికీ తెలిసిన అర్థం కొట్టడం. గడియారం గంట కొడితే స్ట్రైక్. అగ్గిపుల్ల గీసినా స్ట్రైకే, పిడుగు పడినా స్ట్రైకే. క్యారంబోర్డు మీద పిల్లలు కొట్టే పెద్ద బిళ్ల స్ట్రైకర్. క్రికెట్‌లో బంతిని ఎదుర్కొనేవాడు స్ట్రైక్‌లో ఉన్నాడంటారు. బేరం కుదిరినా ఇదే మాట వాడతారు.

మరి కొట్టుడుకు, పని ఆపుడుకు ఏం సంబంధం? ఓడల మీద తెరచాప దింపడాన్ని కూడా స్ట్రైక్ అనేవాళ్లు. 1768లో లండన్ రేవులో కూలి కోసం పోరాడిన నావికులు తెరచాపలు దింపి ఓడలను కదలనీయలేదు. పని ఆపడానికి ఆ పేరు అట్లా వచ్చింది.

ఇంకో అర్థం కొట్టివేత. మనమూ ‘పేరు కొట్టేసిండ్రు’ అంటాం కదా, అదే. సమ్మె నడుస్తుండగా మా బాపుకు మిల్లు నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది. చాల్‌లో నాలుగు ముక్కలు చదివినాయన చూసి "స్ట్రైక్ గురించే రాసిండ్రు, ఏం లేదు" అన్నాడు. బాపు దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టిండు. అందులో ఉన్నది ‘స్ట్రక్ ఆఫ్’. మస్టర్‌లో పేరు కొట్టేశామని, జవాబు చెప్పుకునేది ఉంటే ఫలానా తేదీలోపు చెప్పుకోమని. ఆ గడువు పెట్టెలోనే దాటిపోయింది.

ఇప్పుడు మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఇంటికి ఏ ఆఫీసు కాగితం వచ్చినా, తెలిసిన ఒక్క మాట పట్టుకుని తేల్చుకోకండి. మొదటి నుంచి చివరిదాకా వాళ్లతో చదివించుకోండి. గడువు ఎప్పటిదాకా అని అడగండి. సంతకం ఆ తర్వాతే.