అమిలాయిడ్ వ్యాధియు, దానిని నిలుపు నుపాయమును

కోడిగ్రుడ్డును ఉడికించినప్పుడు అందలి తెల్లసొన గట్టిపడును. చల్లార్చినను మరల నీరుకాదు. మాంసకృత్తుల మడత చెడి, ఒకదానితో నొకటి పెనవైచుకొనుటయే దీనికి కారణము. ఇట్టి మార్పు వేడి లేకయే మన దేహమునందు మెల్లమెల్లగ జరిగినచో, కరగని సన్నని పోగులు అవయవములలో పేరుకొనును. 1854వ సంవత్సరమున జర్మను వైద్యుడగు విర్షో అయొడిన్‌తో పరీక్షించి, ఇది పిండిపదార్థమును బోలినదని తలచి, అమిలాయిడ్ అని పేరిడెను. అది మాంసకృత్తేయని పిమ్మట తెలిసినను ఆ పేరే నిలిచినది.

ఈ జాతి వ్యాధులు పెక్కు గలవు. అందొకదానిని మాత్రము ఇచట వివరింతుము. ట్రాన్స్‌థైరెటిన్ అను మాంసకృత్తు ముఖ్యముగ కాలేయమున పుట్టి, థైరాయిడ్ గ్రంథి రసమును, ఏ విటమినును రక్తములో మోయుచుండును. అది నాలుగు సమాన భాగముల కూడిక. పల్లకి మోయు నలుగురు బోయీలవలె ఈ నాలుగును కలిసియున్నంతవరకే పని చక్కగ సాగును. వార్ధక్యమున గాని, వంశపారంపర్యపు లోపముచే గాని అవి విడిపోయినచో, ఒక్కొక్క భాగము మడత సడలి పోగులు కట్టును. అవి నరములలో చేరిన పాదములు తిమ్మిరెక్కి స్పర్శ నశించును. గుండెలో చేరిన గుండె బిరుసెక్కి నెత్తురును చక్కగ నింపుకొనజాలదు. ఇందలి వంశవ్యాధిని 1952లో పోర్చుగీసు వైద్యుడు కొరినో ఆండ్రాడె వర్ణించెను.

పేరుకొనిన పోగులను తొలగించుట దుష్కరము. మరి ఆ భాగములు విడిపోకుండ నాపుటెట్లు? ప్రకృతియే దారి చూపినది. పోర్చుగల్‌లో కొందరు తల్లిదండ్రులలో నొకరినుండి వ్యాధిలోపమును, రెండవవారినుండి వేరొక మార్పును పొందియు, వ్యాధి లేకయో, స్వల్పముగనో యుండిరి. ఆ రెండవ మార్పు నాలుగు భాగములను గట్టిగ బంధించుచున్నదని తేలినది. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధనాలయమున జెఫ్రీ కెల్లీయు, ఆయన సహచరులును ఇట్టి బంధమును మందుచే కలిగింప యత్నించిరి. అట్లు పుట్టిన టాఫమిడిస్, థైరాయిడ్ రసము చేరు చోటనే యిమిడి, భాగములను శీలవలె బిగించును. 2018లో వెలువడిన పరీక్షలో గుండెకు ఈ వ్యాధి సోకిన 441 మందిని 30 నెలలు గమనింపగా, వట్టి మాత్రలు పుచ్చుకొనినవారిలో నూటికి సుమారు 43 మందియు, మందు పుచ్చుకొనినవారిలో సుమారు 30 మందియు మరణించిరి.

ఐనను ఈ మందు వ్యాధిని మందగింపజేయునే గాని, జరిగిన నష్టమును పూడ్చజాలదు. కావున త్వరగ గుర్తించుటయే ప్రధానము. మన యిండ్లలోని వృద్ధులకు ఆయాసము, కాళ్లవాపు, రెండుచేతుల తిమ్మిరి కనిపించినచో, ముసలితనమే యని యుపేక్షింపక వైద్యునకు చూపవలెనని మా మనవి.