కరెంటు పోయి వచ్చాక జంట కంట్రోలర్లను తిరిగి నడిపించడం

1. పరిచయం

ఒక బాయిలర్‌లోని నీటి మట్టాన్ని ఒకే పీఎల్‌సీ కంట్రోలర్ చూసుకుంటోందనుకోండి. ఆ కంట్రోలర్ పాడైతే బాయిలర్ కూడా ఆగిపోతుంది. అందుకే ముఖ్యమైన చోట్ల ఒకే ప్రోగ్రామ్ గల రెండు కంట్రోలర్లను జంటగా అమరుస్తారు. దీనినే రిడండెన్సీ అంటారు. ఈ జంట పనిచేసే తీరు, కరెంటు పోయినప్పుడు దానికి వచ్చే చిక్కు, దానిని తిరిగి నడిపించే క్రమం ఈ పాఠ్యభాగంలో తెలుసుకుందాం.

2. జంట పనిచేసే తీరు

జంటలో ఒకటి ప్రైమరీ, రెండవది స్టాండ్‌బై. మోటార్లకు, వాల్వులకు ఆదేశాలిచ్చేది ప్రైమరీ. స్టాండ్‌బై ఎప్పటికప్పుడు దానితో సమానంగా ఉంటూ, ప్రైమరీ ఆగిన వెంటనే పని అందుకుంటుంది. ఇందుకోసం రెండింటి మధ్య ప్రత్యేకమైన అనుసంధానం ఉండాలి. ఉదాహరణకు సీమెన్స్ ఎస్7-400హెచ్ వ్యవస్థలో రెండు సీపీయూలను ఫైబర్ ఆప్టిక్ కేబుళ్లతో కలుపుతారు.

రెండింటినీ సమానం చేసే ఈ ప్రక్రియను సింక్రనైజేషన్ అంటారు. ఇందులో ఒక విషయాన్ని మీరు బాగా గుర్తుంచుకోవాలి. సమాచారం ప్రైమరీ నుంచి స్టాండ్‌బైకి వెళుతుంది. తాళపత్రానికి నకలు రాసేవాడు మూలంలోని తప్పును కూడా రాసినట్లే, ప్రైమరీలో ఉన్నది ఒప్పయినా తప్పయినా స్టాండ్‌బైలోకి చేరుతుంది.

3. రెండూ ఒకేసారి ఆగితే

రెండింటిలో ఒకటి పాడైనప్పుడు మాత్రమే రిడండెన్సీ మనల్ని కాపాడుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది పోతే కాపాడలేదు. విద్యుత్తు అటువంటి ఉమ్మడి ఆధారం. యూపీఎస్ ఉన్నా అది కొంతసేపే ఆదుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన తర్వాత, అక్కడి అనేక ప్రాంతాలలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతకాలం నిలిచే యూపీఎస్‌ను సాధారణంగా ఎవరూ పెట్టరు.

కరెంటు పోయాక కంట్రోలర్ జ్ఞాపకం ఏమవుతుంది? చాలా కంట్రోలర్లలో, ముఖ్యంగా పాత తరం వాటిలో, నడుస్తున్న ప్రోగ్రామ్, దాని విలువలు ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు లేనప్పుడు ర్యామ్‌ను చిన్న లిథియం బ్యాటరీ నిలబెడుతుంది. బ్యాటరీ చచ్చిపోతే ర్యామ్ చెరిగిపోతుంది. అప్పుడు కంట్రోలర్ మెమరీ కార్డులో ఉన్న ప్రోగ్రామ్‌ను తీసుకుని మొదలవుతుంది. ఆ కార్డులో ఉన్నది ఏనాటిదో కంట్రోలర్‌కు తెలియదు.

4. ఒక అనుభవం

చాలా ఏళ్ల క్రితం నేను సలహా కోసం వెళ్లిన ఒక కర్మాగారంలో జరిగిన సంగతి ఇది. నీటి మట్టం ఎంతకు తగ్గితే బర్నర్ ఆగాలో తెలిపే పరిమితిని కొన్ని నెలల ముందు అక్కడ పెంచారు. ఆ మార్పును నడుస్తున్న కంట్రోలర్లలో చేశారు కాని, మెమరీ కార్డులలో భద్రపరచలేదు. ఎడమవైపు కంట్రోలర్ మీద బ్యాటరీ హెచ్చరిక దీపం చాలాకాలంగా వెలుగుతూనే ఉంది. జంట ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఒక రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా అయిపోయింది. తెల్లవారి కరెంటు రాగానే అలవాటు ప్రకారం ఎడమవైపు స్విచ్ ముందు వేశారు. అది పాత ప్రోగ్రామ్‌తో లేచి ప్రైమరీ అయింది. తర్వాత కుడివైపు కంట్రోలర్‌ను ఆన్ చేశారు. అందులో సరైన ప్రోగ్రామ్ చెక్కుచెదరకుండా ఉంది, కాని సింక్రనైజేషన్‌లో పాతది వచ్చి దాన్ని చెరిపేసింది. రెండింటి మీదా పచ్చ దీపాలే వెలిగాయి. బర్నర్ వెలిగించబోతున్న ఆపరేటర్ తెర వైపు చూసి, “ఇది పాత అంకె కదా సార్” అన్నాడు. ఆ మాట రాకపోతే, నీరు ప్రమాదకరంగా తగ్గినా మంట ఆగకుండా ఉండేది. గొట్టాలు వేడెక్కి పగిలితే ఆ పక్కన నిలబడేది అతడే.

5. పునరుద్ధరణ క్రమం

(అ) ముందుగా యంత్రాలను వేరుచేయండి. కంట్రోలర్ లేచిన క్షణంలో మోటార్లు కదలవచ్చు. కాబట్టి వాటి బ్రేకర్లను ఆఫ్ చేసి, తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించాలి.

(ఆ) సరఫరా నిలకడగా ఉందో లేదో మీటరుతో కొలవండి. కరెంటు వస్తూ పోతూ ఉంటే ఆగండి. 24 వోల్టుల డీసీ సరఫరాను కూడా పరీక్షించండి.

(ఇ) రెండింటిలో ఏది నమ్మదగినదో తేల్చుకోండి. ఆగే ముందు ఏది ప్రైమరీ, దేని బ్యాటరీ బాగుంది అన్నవి లాగ్ పుస్తకంలో చూడండి. రెండు బ్యాటరీలూ పోతే, సరిచూసిన చివరి బ్యాకప్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కించాలి.

(ఈ) నెట్‌వర్క్ స్విచ్‌లను, ఇన్‌పుట్-అవుట్‌పుట్ ర్యాకులను ఆన్ చేయండి. తర్వాత నమ్మదగిన కంట్రోలర్ ఒక్కదానినే, స్టాప్ స్థితిలో ఉంచి ఆన్ చేయండి. రెండవది ఆఫ్‌లోనే ఉండాలి.

(ఉ) అందులోని ప్రోగ్రామ్‌ను బ్యాకప్‌తో పోల్చండి. పరిమితులు, టైమర్లు, తేదీ, సమయం చూడండి. తెర మీది నీటి మట్టం బాయిలర్ దగ్గరి గాజు గొట్టంలోని మట్టంతో సరిపోవాలి. అన్నీ సరిపోతేనే రన్ స్థితికి మార్చండి.

(ఊ) ఇప్పుడు రెండవ కంట్రోలర్‌ను ఆన్ చేయండి. సింక్రనైజేషన్ పూర్తయినట్లు సందేశం వచ్చే వరకు వేచి ఉండండి. రెండింటి ఫర్మ్‌వేర్ వెర్షన్లు వేరైతే ఇది పూర్తికాకపోవచ్చు.

(ఋ) యంత్రాలను ఒక్కొక్కటిగా కలపండి. చేసిన ప్రతి పనినీ సమయంతో సహా లాగ్ పుస్తకంలో రాయండి.

బ్యాటరీ మార్చేటప్పుడు కంట్రోలర్‌కు కరెంటు ఉండాలని గమనించండి. కరెంటు లేనప్పుడు బ్యాటరీ తీస్తే, మిగిలిన జ్ఞాపకం కూడా పోవచ్చు.

6. సారాంశం

జంట కంట్రోలర్లు ఒకదానికొకటి తోడు, కాని ఒకదాని తప్పును మరొకటి సరిదిద్దవు. కరెంటు వచ్చాక ముందుగా ఏది లేస్తుందో, దాని మాటే రెండింటి మాట అవుతుంది. కనుక తొందరపడి రెండు స్విచ్‌లూ వేయకుండా, మొదట ఒకదానిని నిలబెట్టి, సరిచూసి, ఆ తర్వాతే రెండవదానిని కలపాలి. పచ్చ దీపం కంట్రోలర్ నడుస్తోందని మాత్రమే చెబుతుంది. సరైన ప్రోగ్రామ్‌తో నడుస్తోందో లేదో మీరే చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సింక్రనైజేషన్‌లో సమాచారం ఏ దిశలో వెళుతుంది? దాని వల్ల వచ్చే ప్రమాదం ఏమిటి?
2. పై అనుభవంలో కుడివైపు కంట్రోలర్‌ను ముందుగా ఆన్ చేసి ఉంటే ఏమి జరిగేది?
3. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో మార్పు చేసిన రోజునే ఇంకా ఏ పనులు చేయాలి?