కాగితం రోబో కూలిపోకుండా నిలబడాలంటే..

రోబోటిక్స్ కిట్ కొనాలంటే వేలల్లో మాట. కాగితం రోబోకి మాత్రం జిరాక్స్ షాపులో నాలుగైదు ప్రింట్లు, ఒక కత్తెర, ఒక స్కేలు, కాస్త ఫెవికాల్ చాలు. చేవెళ్ల మండలం ఆలూరులో ఉన్నా, హైటెక్ సిటీలో ఉన్నా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. నెట్‌లో ఉచిత డిజైన్లు బోలెడు. సొంతంగా గీసుకునేవాళ్లకి జపాన్ వాళ్ల 'పెపకురా డిజైనర్' సాఫ్ట్‌వేర్ ఉంది. త్రీడీ బొమ్మ ఇస్తే దాన్ని విప్పి, కత్తిరించుకునే ముక్కలుగా పరిచేస్తుంది.

అయినా చాలామంది సగంలోనే వదిలేస్తారు. తల బాగా కుదురుతుంది, పొట్ట కుదురుతుంది. నిలబెట్టగానే మోకాళ్ల దగ్గర ముడుచుకుపోతుంది. 'నా చేతికి ఈ పని రాదులే' అనుకుంటారు. చాలాసార్లు లోపం చేతిది కాదు, కాగితానిది.

కాంటా చెప్పే లెక్క

కాగితం బరువుని జీఎస్‌ఎంలో చెప్తారు. అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మామూలు జిరాక్స్ పేపర్ 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది. రోబోకి ఇది పలుచన. 160 నుంచి 200 మధ్యది సరిగ్గా సరిపోతుంది.

షాపులో జీఎస్‌ఎం ఎంతో చెప్పలేకపోతే? 16 ఏ4 షీట్లు కలిపితే ఒక చదరపు మీటరు. కాబట్టి పది ఏ4 షీట్లని కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టండి. వచ్చిన గ్రాముల్ని 1.6తో గుణించండి. 50 గ్రాములు వస్తే 80 జీఎస్‌ఎం, 100 వస్తే 160. అంతే.

మందం రెండింతలైతే గట్టిదనం రెండింతలే అనుకోవద్దు. ఒకే రకం కాగితమైతే వంగకుండా నిలిచే శక్తి దాదాపు 8 రెట్లు పెరుగుతుంది. అలాగని అంతా మందంగా చేస్తే వేళ్లు, చెవుల్లాంటి చిన్న మడతలు పగిలిపోతాయి. చిన్న ముక్కలకి 120, ఒంటికీ కాళ్లకీ 160-200 వాడండి. పాదాల లోపల పాత పెళ్లి కార్డు ముక్కలు రెండు మూడు అతికిస్తే, బరువు కిందికి దిగి రోబో తూలదు.

మెరిసే ఫొటో పేపర్ జోలికి వెళ్లకండి. మడతలో పైపూత చిట్లి తెల్లగీత పడుతుంది, జిగురు కూడా సరిగ్గా పట్టదు.

పోగు ఎటుంది?

కాగజ్‌నగర్‌లో 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకున్న సిర్పూర్ పేపర్ మిల్లు కావచ్చు, భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ మిల్లు కావచ్చు. ఎక్కడైనా నీళ్లలో కలిపిన గుజ్జు, కదిలే జాలి మీద పడి కాగితం అవుతుంది. యంత్రం నడిచే దిక్కుకే ఎక్కువ పోగులు సర్దుకుంటాయి. అందుకే కాగితం ఒక వైపు సులువుగా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది.

షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. సులువుగా వంగినప్పుడు ఆ వంపు గీత ఎటు ఉందో, పోగులూ అటే ఉన్నట్టు. కాలు గొట్టంలో ఈ పోగులు పై నుంచి కిందికి నిలువుగా ఉండాలి. అప్పుడు గొట్టం నున్నగా చుట్టుకుంటుంది, బరువూ మోస్తుంది. చార్ట్ పేపర్‌ని ఏ4 సైజుకి కోయించుకునేటప్పుడే ఇది చూస్కోండి.

ప్రింట్ నుంచి జిగురు దాకా

ప్రింట్ తీసేటప్పుడు 'యాక్చువల్ సైజ్' పెట్టమనండి. ఒక పేజీ 100 శాతం, ఇంకోటి 96 శాతం వస్తే చెయ్యి భుజానికి అతకదు. మందం కాగితాన్ని ప్రింటర్ వెనక ట్రే నుంచి ఒక్కొక్కటిగా పంపిస్తే ఇరుక్కోదు.

కత్తిరించే ముందే ప్రతి మడత గీత మీద స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీటు పెట్టండి. ఆ గీటు మీదే మడత పదునుగా వస్తుంది. ఫెవికాల్‌ని ట్యూబు నుంచి నేరుగా పిండొద్దు. అగ్గిపుల్లతో పలుచగా రాసి, అరనిమిషం నొక్కి పట్టుకోండి. జిగురు ఎక్కువైతే కాగితం తడిసి ఉబ్బుతుంది. వానాకాలం గాలిలో తేమకి కూడా కాగితం మెత్తబడుతుంది కాబట్టి, మిగిలిన షీట్లని ప్లాస్టిక్ కవర్లో దాచండి.

చివరగా ఒక్క మాట. అందరూ తలతో మొదలుపెడతారు, అదే ముచ్చటగా ఉంటుంది కాబట్టి. మీరు కాళ్లతో మొదలుపెట్టండి. కాళ్ల మీద ఫోన్ పెట్టి చూడండి. ఫోన్ నిలిచిందంటే, తల రేపు చేసుకోవచ్చు.