వాటర్‌షెడ్ గ్రాంటు – గ్రామం వాటా

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లు. మన దేశంలో ఇది చాలా తక్కువ వర్షపాతం కిందే లెక్క. అయినా ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక హెక్టారు నేల మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే అది 55 లక్షల లీటర్ల నీరు. 500 హెక్టార్ల మీద పడితే 275 కోట్ల లీటర్లు. ఇంత నీరు పడిన చోటే వేసవి వచ్చేసరికి బోర్లు ఎండిపోతున్నాయి. పడిన నీటిలో కొంత ఆవిరైపోతుంది, కొంత వాగుల వెంట ఊరు దాటిపోతుంది. పోయేటప్పుడు పొలంలోని సారవంతమైన పైమట్టిని కూడా వెంట తీసుకుపోతుంది.

ఈ నీటిని, ఈ మట్టిని ఊళ్లోనే నిలుపుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బే వాటర్‌షెడ్ గ్రాంటు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. ఈ పాఠంలో మూడు విషయాలు తెలుసుకుందాం. ఈ డబ్బు ఏ లెక్కన వస్తుంది? దేనికి ఖర్చు పెట్టాలి? గ్రాంటు అయిపోయిన తరువాత గ్రామానికి ఏమి మిగులుతుంది? మూడవ ప్రశ్నకు జవాబు మొదటి రెండింటి కంటే ముఖ్యమైనది.

వాటర్‌షెడ్ అంటే ఏమిటి?

ఏ ప్రాంతంలో పడిన వాన నీరంతా ప్రవహించి ఒకే వాగులోకో, ఒకే చెరువులోకో చేరుతుందో ఆ ప్రాంతమంతా ఒక వాటర్‌షెడ్. దీనినే పరీవాహక ప్రాంతం అని కూడా అంటాం. నీటికి సర్వే నంబర్లు తెలియవు, ఊరి పొలిమేరలు తెలియవు. అది ఎత్తు నుంచి పల్లానికి పోతుంది. అందుచేత పనులు కూడా అదే వరుసలో సాగాలి. ముందు గుట్ట మీద కందకాలు, మొక్కలు. తరువాత వంకలలో రాతి కట్టలు. ఆ తరువాత పొలాలలో గట్లు. చిట్టచివర పల్లంలో ఊటకుంటలు, చెక్‌డ్యాంలు. ఈ వరుస తప్పించి ముందే చెక్‌డ్యాం కడితే గుట్ట మీది మట్టి కొట్టుకువచ్చి రెండు మూడు వానాకాలాలలోనే దానిని పూడ్చివేస్తుంది. చెక్‌డ్యాం కంటికి కనిపిస్తుంది, కందకం కనిపించదు. గ్రాంటు రాగానే చెక్‌డ్యాం వైపు మొగ్గు ఏర్పడడానికి ఇదొక కారణం.

గ్రాంటు నడచిన దారి

కరవు పీడిత ప్రాంతాల పథకం 1973-74లోను, ఎడారి ప్రాంత అభివృద్ధి పథకం 1977-78లోను మొదలయ్యాయి. సమగ్ర బంజరు భూముల అభివృద్ధి పథకం 1989-90లో వచ్చింది. తొలి రోజులలో ఏ శాఖ పని ఆ శాఖది. ఒక శాఖ మొక్కలు నాటేది, మరొక శాఖ గట్లు వేసేది, ఇంకొక శాఖ బావులకు సాయం చేసేది. డబ్బు ఖర్చయినా ఒక చోట ఒక ఫలితం కనిపించేది కాదు.

ఈ పరిస్థితిని సమీక్షించడానికి ప్రసిద్ధ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం ఒక సాంకేతిక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 1994లో నివేదిక ఇచ్చింది. సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ఒక యూనిట్‌గా తీసుకోవాలని, ప్రణాళికలో గ్రామస్థులకు భాగం ఉండాలని సూచించింది. ఆ ప్రాతిపదికన రూపొందిన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2003లో ‘హరియాలీ’ మార్గదర్శకాలు గ్రామ పంచాయతీకి ప్రధాన పాత్ర ఇచ్చాయి. 2006లో ఎస్. పార్థసారథి అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదిక ఇచ్చింది. 2008లో అన్ని పథకాలకు కలిపి ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాయి. 2015 నుంచి ఈ కార్యక్రమం ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో భాగమయింది.

హెక్టారుకు ఇచ్చే మొత్తం కూడా ఈ క్రమంలో పెరిగింది. 1995లో హెక్టారుకు 4,000 రూపాయలు. అనంతరం అది 6,000 అయింది. 2008లో మైదాన ప్రాంతాలకు 12,000 రూపాయలుగా నిర్ణయించారు. 2021-22లో మొదలైన రెండవ దశలో మైదాన ప్రాంతాలకు 22,000, కొండ ప్రాంతాలకు 28,000 రూపాయలయింది.

రూపాయి ఎలా పంచబడుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హరియాలీ కాలంలో 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌కు హెక్టారుకు 6,000 చొప్పున 30 లక్షల రూపాయలు వచ్చేవి. ఇది ఐదేళ్లలో ఖర్చు చేయవలసిన మొత్తం. ఇందులో 85 శాతం, అంటే 25 లక్షల 50 వేలు పనులకు. 5 శాతం, అంటే లక్షా 50 వేలు గ్రామస్థులను కూడగట్టడానికి, శిక్షణకు. మిగిలిన 10 శాతం, అంటే 3 లక్షలు పరిపాలన ఖర్చులకు.

2008 మార్గదర్శకాలు ఈ పంపకాన్ని మార్చాయి. భూమి, నీటి పనులకు సగం మొత్తమే కేటాయించాయి. 2011 సవరణలో అది 56 శాతం అయింది. మిగిలిన దానిలో కొంత భూమిలేని వారి జీవనోపాధికి, కొంత పంటల మెరుగుదలకు, కొంత సంఘాల శిక్షణకు కేటాయించారు. పనులకు తగ్గించి ఇలా ఇవ్వడం వృథా అని కొందరికి అనిపించవచ్చు. కాని పొలానికి గట్టు వేస్తే లాభం పొలం ఉన్నవారికే. సెంటు భూమి లేని కుటుంబానికి కూలి దినాలు తప్ప ఏమీ దక్కదు. ఆ కుటుంబానికి గొర్రెలకో, చిన్న వ్యాపారానికో సాయం అందితేనే ఊరంతా ఈ పనిని తమదిగా భావిస్తుంది. గుట్ట మీద మేత మానుకోమని అడిగేది కూడా ఎక్కువగా వారినే అన్న సంగతి మరువరాదు.

డబ్బు ఒక్కసారిగా రాదు. 2008 పద్ధతిలో 20, 50, 30 శాతాల చొప్పున మూడు విడతలుగా వచ్చేది. తరువాతి విడత రావాలంటే ముందు విడత ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ చేసిన లెక్కలు పంపాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మట్టి పనికి అనువైన కాలం పంట కోతల తరువాత నుంచి తొలకరి వరకు మాత్రమే. కాగితాలు రెండు నెలలు ఆలస్యమైతే ఒక పని కాలం, దానితోపాటు ఒక వానాకాలం చేజారిపోతాయి. కాబట్టి లెక్కల పుస్తకం సకాలంలో రాయడం కూడా జల సంరక్షణలో భాగమే.

ఎవరు నిర్ణయిస్తారు?

2008 మార్గదర్శకాల ప్రకారం వాటర్‌షెడ్ కమిటీని గ్రామసభ ఏర్పాటు చేయాలి. కనీసం పదిమంది సభ్యులు ఉండాలి. వారిలో సగం మంది పొదుపు సంఘాలు, వినియోగదారుల సంఘాలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలు, భూమిలేని వారి ప్రతినిధులు కావాలి. ఏ వంకలో ఏ కట్ట వేయాలో వివరించే ప్రణాళికను గ్రామసభ ముందు పెట్టాలి. ఈ ఏర్పాటు కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో గ్రామసభకు నలుగురే వస్తే ఆ నలుగురి పొలాల దగ్గరే కట్టలు లేస్తాయి.

గ్రామం వాటా ఎందుకు?

ఇది పూర్తిగా ఉచిత గ్రాంటు కాదు. సొంత పొలంలో జరిగే పనికి రైతు కొంత భరించాలి. 2008 మార్గదర్శకాలలో ఇది పని విలువలో కనీసం 10 శాతం. షెడ్యూల్డు కులాలు, తెగల రైతులకు, చిన్న, సన్నకారు రైతులకు 5 శాతం. పదివేల రూపాయల గట్టు వేస్తే రైతు వాటా వెయ్యి, లేదా ఐదు వందలు. ఈ మొత్తం ప్రభుత్వ ఖజానాకు పోదు. గ్రామంలోనే వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిగా బ్యాంకులో జమ అవుతుంది. ప్రాజెక్టు ముగిసిన తరువాత ఉమ్మడి స్థలాలలోని కట్టల మరమ్మతు, కుంటల పూడికతీత ఈ నిధితోనే జరగాలి. సొంత పొలాలలోని పనుల మరమ్మతుకు దీనిని వాడరాదు.

ఈ నియమం ఎక్కువగా దెబ్బతినేది ఒక చోట. రైతు కట్టవలసిన చందాను, ఆ పొలంలో పని చేసిన కూలీల వేతనంలో నుంచి కోసి జమ చూపిస్తారు. లెక్క సరిపోతుంది. కాని లాభం పొందినది భూమిగలవారు, చందా కట్టినది కూలీ. ఇటువంటి అనుభవాల వల్లనే చందాను కూలీల వేతనం నుంచి మినహాయించరాదని 2008 మార్గదర్శకాలలో స్పష్టంగా చేర్చారు.

ఇంకిన నీరు ఎవరిది?

రంగారెడ్డి జిల్లాలోని కొత్తపల్లిలో 465 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను 1999లో ఇక్రిశాట్ ఇతర సంస్థలతో కలిసి చేపట్టింది. అక్కడ పనుల తరువాత బావులలో నీటిమట్టం పెరిగింది. అయితే చెక్‌డ్యాంలకు దగ్గరగా ఉన్న బావులలో ఆ పెరుగుదల ఎక్కువ. ఇది ప్రకృతి ధర్మం, ఎవరి తప్పూ కాదు. కాని అందరి డబ్బుతో ఇంకించిన నీటిని ఎవరి మోటారు పెద్దదైతే వారే తోడుకుంటే, మరో రెండు బోర్లు పడగానే మట్టం మళ్లీ పాత చోటికే చేరుతుంది. ఈ సమస్యకు గ్రాంటులో మందు లేదు. ఊరి కట్టుబాటులో ఉంది.

చండీగఢ్ సమీపంలోని సుఖోమాజ్రీ గ్రామంలో 1976లో మొదటి మట్టికట్ట కట్టారు. గుట్టలపై విచ్చలవిడి మేతను గ్రామస్థులే ఆపుకున్నారు. దానికి ప్రతిఫలంగా, భూమిలేని కుటుంబాలతో సహా ప్రతి కుటుంబానికీ కట్ట నీటిలో వాటా ఇచ్చారు. మేత మానుకున్న వారికి నీటిలో హక్కు దక్కింది. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామం మరొక దారి పట్టింది. వ్యవసాయానికి బోర్లు వేయరాదని, చెరకు పండించరాదని కట్టుబాటు చేసుకుంది. ప్రతి ఏడూ కురిసిన వానను కొలిచి, ఊరి నీటి బడ్జెట్ వేసుకుని, దాని ప్రకారం పంటలు నిర్ణయించుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం కొత్త బోర్లను నియంత్రించే ప్రయత్నం చేసింది. కాని పొరుగు రైతు పొలంలో రాత్రికి రాత్రి పడే బోరును కార్యాలయం కంటే ముందు చూసేది గ్రామమే.

గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలు

1. పనులు గుట్ట మీద మొదలయ్యాయా, పల్లంలోనా?
2. ఎవరి పొలంలో ఎంత విలువైన పని జరిగింది? వారు చెల్లించిన చందా ఎంత? అది ఎవరి జేబులో నుంచి వచ్చింది?
3. అభివృద్ధి నిధి ఖాతాలో ఈ రోజున ఎంత ఉంది? సంతకం చేసే అధికారం ఎవరికి ఉంది?
4. భూమిలేని కుటుంబాలకు ఏమి దక్కింది?
5. కొత్త బోర్ల విషయంలో, ఎక్కువ నీరు తాగే పంటల విషయంలో ఊరి కట్టుబాటు ఏమిటి?

సారాంశం

వాటర్‌షెడ్ గ్రాంటు హెక్టారు లెక్కన, విడతలుగా వచ్చే ప్రజాధనం. పనులు ఎత్తు నుంచి పల్లానికి సాగాలి. రైతు చందా గ్రామ నిధిగా నిలవాలి, అది కూలీ మీద పడరాదు. ఇంకిన నీటిని పంచుకునే కట్టుబాటు లేకపోతే కట్టిన కట్టలు ఎన్ని ఉన్నా ప్రయోజనం కొద్దికాలమే. గ్రాంటు కొన్నేళ్లలో ముగుస్తుంది, వాన మాత్రం ప్రతి ఏడూ వస్తుంది. ఆ వానను నిలిపే కట్టకు ఏ ఏడు గండి పడినా పూడ్చే బాధ్యత, దానికి కావలసిన నిధి ఊరి చేతిలో ఉన్నప్పుడే ప్రభుత్వం ఇచ్చిన రూపాయి సార్థకమవుతుంది.